రెండు రూపాయల వడ్డీ అంటే ఎంత శాతం?

(ఆంధ్ర సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో తెలుగు భాషా దినోత్సవం నాడు ఉపాధ్యాయులతో, తల్లిదండ్రులతో ఒక విశ్రాంత లెక్కల మాస్టారు మాట్లాడిన మాటలు)

పెద్దలకు, తోటి మాస్టార్లకు, టీచరమ్మలకు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లులకు నమస్కారం.

హైస్కూలు పిల్లలకి వ్యాపారం, ఆర్థికశాస్త్రం, ఇంటి డబ్బు సంగతులు ఎలా నేర్పాలో మాట్లాడమని నన్ను పిలిచారు. భాష పండగ నాడు డబ్బు ఊసేమిటని ఒకరిద్దరు అడిగారు కూడా. నా మటుకు నాకు ఈ రెండూ విడివిడి విషయాలు కావు. ఎందుకంటున్నానో చెప్తాను.

రిటైరయ్యాక సాయంత్రంపూట మా ఇంటి అరుగు మీద పది పన్నెండు మంది పిల్లలకి లెక్కలు చెప్తున్నాను. తొమ్మిది, పది తరగతులవాళ్లు. బడిలో ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు. ఇద్దరు సవర గిరిజన పిల్లలు కూడా వస్తారు, వాళ్లకి మూడు భాషలు. ఒకరోజు అడిగాను, పది వేలు 12 శాతానికి అప్పు తెస్తే ఏడాదికి సుధ (ఒడియాలో వడ్డీని అలా అంటారు) ఎంత అవుతుందని. పన్నెండు వందలని అందరూ ఒక్కసారే చెప్పారు. సరే, మీ ఇంటి పక్కాయన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే అది ఎంత శాతం అన్నాను. రెండు శాతం అన్నారు. అందరూ అదే అన్నారు. అందులో క్లాసు ఫస్టు వచ్చే పిల్ల కూడా ఉంది.

రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకి రెండు. ఏడాదికి ఇరవై నాలుగు శాతం. ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్లకి ఇది తెలుసు, నోటు రాసిన చేతులు మీవి. మనం ధర్మవడ్డీ అని గౌరవంగా చెప్పుకునే రూపాయి వడ్డీ కూడా బ్యాంకు భాషలో పన్నెండు శాతమే. పిల్లలకి మాత్రం బడిలో ‘సరళ సుధ’, ‘చక్రవృద్ధి సుధ’ అని ఒడియాలో ఒక లెక్క వస్తుంది. ఇంట్లో అమ్మా నాన్నా గొంతు తగ్గించి మాట్లాడుకునే ‘మూడు రూపాయల వడ్డీ’ వేరే ఎక్కడో ఉంటుంది. బ్యాంకు కాగితం మీద ఇంగ్లీషు. ఈ మూడూ ఒకటే అని ఆ పిల్లలకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ముప్పై ఏళ్లకు పైగా వడ్డీ లెక్కలు చెప్పాను, వందల మంది చేత చేయించాను. ఆ లెక్కని వాళ్ల గుమ్మం దాకా తీసుకెళ్లాలని నాకు తోచలేదు. ఆ బాధతోనే ఈవేళ మీ ముందు నిలబడ్డాను.

ఆ వారంలోనే ఒక కుర్రాడు సంచిలోంచి ఒక కార్డు తీసి చూపించాడు. మీలో చాలామంది చూసే ఉంటారు. పసుపు రంగు అట్ట, పోస్టుకార్డు అంత ఉంటుంది. దాని మీద వంద గళ్లు. ప్రతి గడిలో ఒక తేదీ, పక్కన పొట్టి సంతకం. మడత దగ్గర అట్ట చిరిగితే ప్లాస్టర్ అంటించారు. మూలల్లో కొత్తిమీర తడి మరక. వాళ్లమ్మ మార్కెట్లో కూరలమ్ముతుంది. రోజువారీ ఫైనాన్స్ కార్డు అది. కార్డు మీద పది వేలని రాసి, చేతికి తొమ్మిది వేలిచ్చారు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. “మాస్టారూ, ఇది ఎన్ని రూపాయల వడ్డీ?” అని అడిగాడు.

మొదట అందరూ వెయ్యి రూపాయలే కదా, తొమ్మిది వేలకి పదకొండు శాతం అన్నారు. బ్యాంకు కంటే ఏం ఎక్కువ అని కూడా అన్నాడొకడు. సరే, కాగితం తీయండి అన్నాను. తొమ్మిది వేలూ ఆమె దగ్గర వంద రోజులూ ఉన్నాయా? లేవు. మర్నాటి నుంచే వంద వంద వెనక్కి పోతోంది. మొదటి రోజు తొమ్మిది వేలు, ఆఖరి రోజు సున్నా. సగటున ఆమె వాడుకున్నది నాలుగున్నర వేలు. దాని మీద వంద రోజులకి వెయ్యి, అంటే నూటికి ఇరవై రెండు పైచిలుకు. అదీ వంద రోజులకే. ఏడాదిలో వంద రోజులు మూడున్నర సార్లకు పైనే వస్తాయి. హెచ్చవేస్తే ఎనభై దాటింది. తర్వాత మా అబ్బాయి చేత కంప్యూటర్లో కచ్చితంగా వేయిస్తే 78 దగ్గర ఆగింది. నెలకి చూస్తే ఆరున్నర రూపాయల వడ్డీ.

అరుగు మీద ఎవరూ కాసేపు మాట్లాడలేదు. ఆ కుర్రాడు మెల్లిగా అన్నాడు: “మూడు రూపాయల వడ్డీ ఎక్కువని మా అమ్మ వద్దనేసింది మాస్టారూ.”

మర్నాడు వాళ్లమ్మే వచ్చింది. తిడుతుందేమో అనుకున్నాను. మెట్టు మీద కూర్చుని, “మీ లెక్క నిజమే మాస్టారూ. కానీ తెల్లారి నాలుగింటికి సరుకు దిగితే నాకెవులిస్తారు? బేంకోలు ఇస్తారేటి? మూడు రూపాయలకి ఇస్తానన్నాయన కమ్మలు తాకట్టెట్టమన్నాడు. కమ్మలుంటే నాకీ బాధెందుకు?” అంది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆమె కడుతున్నది వడ్డీ ఒక్కటే కాదు. అడగ్గానే దొరకడానికీ, తాకట్టు లేకపోవడానికీ, రోజూ గుమ్మం దగ్గరికొచ్చి వసూలు చేసుకున్నందుకూ కలిపి కడుతోంది. ఆర్థికశాస్త్రం చెప్పేవాళ్లు దీన్నే అప్పు షరతులంటారు. సీబీఎస్ఈ పదో తరగతి అర్థశాస్త్రంలో డబ్బు, అప్పు గురించిన పాఠంలో ఈ సంగతి ఉంది: వడ్డీ, తాకట్టు, కాగితాలు, తిరిగి కట్టే పద్ధతి. ఆ పాఠాన్నే ఆ తల్లి ఒక్క గుక్కలో చెప్పేసింది. నా క్లాసుకి ఆమె పాఠం చెప్పి వెళ్లిందని పిల్లలకి చెప్పాను. ఆ మాట విన్నప్పుడు ఆ కుర్రాడి ముఖం మీరు చూడాల్సింది.

అందుకే మాస్టార్లకి నా మొదటి మనవి. అప్పు చేసిన తల్లిదండ్రులు తెలివితక్కువవాళ్లు అనే భావం పాఠంలో ఎక్కడా రానీయకండి. అది వస్తే పిల్లవాడు కార్డు ఇంకోసారి బయటికి తియ్యడు. ఆ కుటుంబానికి ఏమేం దార్లున్నాయో పిల్లల చేతే వెతికించండి. మా పిల్లలు వెతికారు. పట్టణాల్లో వీధి వ్యాపారులకి 2020లో మొదలైన పీఎం స్వనిధి అనే కేంద్ర ప్రభుత్వ అప్పు పథకం ఉంది. మొదటి విడత అప్పు అప్పట్లో 10,000, 2025లో దాన్ని 15,000 చేశారు. సమయానికి కడితే వడ్డీలో 7 శాతం ప్రభుత్వం వెనక్కిస్తుంది. తాకట్టు లేదు. దరఖాస్తుకి ఏం కావాలో మునిసిపాలిటీకి వెళ్లి కనుక్కున్నది పిల్లలే. ఆమె దరఖాస్తు పెట్టింది, ఇంకా రాలేదు. ఈలోగా రోజుకి ఇరవై రూపాయలు పక్కన పెట్టడం మొదలెట్టింది. వంద రోజులకి రెండు వేలు. తర్వాతి కార్డు చిన్నది తీసుకుంది.

ఇక సంఘాల అప్పులు, వారం వారం కిస్తీలు. మైక్రోఫైనాన్స్ మీద రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నిబంధన ఒకటి మీ అందరికీ తెలియాలి. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పులివి. ఆ ఇంటి అన్ని అప్పుల నెల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. దీన్ని లెక్కగా ఇవ్వండి: ఇంటికి పన్నెండు వేలొస్తే, ఇప్పటికే నాలుగున్నర వేలు కిస్తీలుంటే, కొత్తగా ఎంత కట్టగలరు? పదిహేను వందలు. ఏడో తరగతి పిల్ల చేస్తుంది. మరొకటి. పది వేలు తీసుకుని నెలకి వెయ్యి చొప్పున పన్నెండు నెలలు కట్టమంటే, ఇరవై శాతమే కదా అంటారు. కార్డు లెక్క తెలిసిన పిల్లలు ఆగి ఆలోచిస్తారు. అసలు నెలనెలా తగ్గుతోంది కనక అది 35 శాతం. 2024 అక్టోబరు నుంచి బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ మామూలు జనానికిచ్చే అప్పులకి ముందుగానే ఒక కాగితం ఇవ్వాలి, అన్ని చార్జీలూ కలిపి ఏడాదికి పడే అసలు శాతం అందులో ఉండాలి. అది అప్పు తీసుకునేవాళ్లకి అర్థమయ్యే భాషలో ఉండాలని రిజర్వు బ్యాంకు రాసింది. వాళ్లకి అర్థమయ్యే భాష అన్న మాట గుర్తుపెట్టుకోండి.

గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టినరోజు ఈవేళ. 1863లో ఇదే తేదీన పుట్టారు. 1880లో మన ఊరి రాజావారి బడిలో మాస్టారుగా చేరారు. కొండ మీంచి సంతకి దిగే సవరల భాష నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో వాళ్లకి బళ్లు పెట్టారు. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాటతోనే చదువు మొదలవ్వాలని ఆయన జీవితమంతా పోరాడారు. తెలుగు పుస్తకాల్లోకి వాడుక భాష రావడం వెనక ఆయన మన ఊరి వీధుల్లో విన్న మాటలున్నాయి. నేను ఆయన బాటలో ఒక చిన్న సంగతి అడుగుతున్నాను. వడ్డీ లెక్క చెప్పేటప్పుడు నూటికి మూడు అన్న మాటతో మొదలుపెట్టండి. అక్కణ్ణించి శాతానికి, శాతం నుంచి సుధకి, సుధ నుంచి బ్యాంకు కాగితానికి రండి. సవర పిల్లలుంటే వాళ్లు ఆ మాటని ఏమంటారో అడిగి బోర్డు మీద రాయండి. మా అరుగు మీద బోర్డుకి ఇప్పుడు నాలుగు నిలువు వరసలున్నాయి.

ఆర్థికశాస్త్రం పెద్ద పుస్తకాల్లో ఉంటుందని భయపడకండి. సరిహద్దులో ఉన్న మనకి అది రోజూ కళ్ల ముందే జరుగుతుంది. మహేంద్రతనయ అవతల పాతపట్నం. అక్కడి బళ్లు ఇటొచ్చి పెట్రోలు ఎందుకు పోయించుకుంటాయి? పిల్లలకి తెలుసు, ఇక్కడ చవక. ఎందుకు చవక? పెట్రోలు జీఎస్టీలో లేదు, ఎవరి పన్ను వాళ్లది. ఆంధ్రలో 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. ఇక్కడ 28 శాతం. ఆ పన్ను డబ్బుతోనే రోడ్లు, పెన్షన్లు, మన బడి జీతాలు నడుస్తాయని కూడా ఆ పూటే చెప్పాలి. చవకే మంచిదని ఊరుకుంటే పాఠం సగమే.

ధాన్యం సంగతి ఇంకా బాగుంటుంది. 2024 ఖరీఫ్‌లో మామూలు రకం ధాన్యానికి కేంద్రం మద్దతు ధర క్వింటాలుకి 2,300. ఒడిశా ప్రభుత్వం దాని మీద 800 కలిపింది. ఇక్కడ రిజిస్టరైన రైతుకి 3,100. నది దాటితే అదే గింజ, అదే వాన, ధర వేరు. మా అరుగు మీద ఒక పిల్ల తాతగారిది పాతపట్నం వైపు, మేనమామది ఇటు. “తాత ధాన్యం మామయ్య పేరు మీద అమ్మితే ఏమవుతుంది మాస్టారూ?” అంది. గంటసేపు దాని మీదే మాట్లాడుకున్నాం. ఆ ఎనిమిది వందలు ఎవరి జేబులోంచి వస్తున్నాయి, ఇక్కడి రైతు వంతు ఎవరు తింటున్నట్టు, తనిఖీ ఎందుకు పెడతారు, ప్రభుత్వం ధాన్యం కొనే మండీలో టోకెను ఆలస్యమైతే రైతు దళారీకి తక్కువకి ఎందుకు తోలేస్తాడు, అన్నీ వచ్చాయి. చివర్లో ‘కట్నీ-ఛట్నీ’ లెక్క. తేమ అనీ తాలు అనీ క్వింటాలుకి అయిదు కిలోలు కోస్తే 3,100 కాస్తా 2,945 అవుతుంది. ఇంట్లో నాన్న ఎందుకు కోపంగా ఉన్నాడో ఆ రోజు ఒక కుర్రాడికి అర్థమైంది.

వ్యాపారం సంగతికొస్తే, బల్లలు వేసి ‘బిజినెస్ డే’ పెట్టే బళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. మంచిదే. కాకపోతే లెక్క దగ్గర ఆగిపోతారు. మా అయిదుగురు పిల్లలు సంతలో కాల్చిన మొక్కజొన్న పొత్తులు అమ్మారు. పొత్తు ఆరు రూపాయల చొప్పున వంద కొన్నారు, పదిహేను చొప్పున ఎనభై నాలుగు అమ్ముడుపోయాయి. ఆరు వందలు పెట్టి పన్నెండు వందల అరవై తెచ్చారు. ఆరు వందల అరవై లాభమని గంతులేశారు. బొగ్గులెక్కడివి? ఒకరి ఇంటి నుంచి. అవి కొంటే 120. నిమ్మకాయలు, ఉప్పు, కారం 40. ఆటో 100. నాలుగు వందలు మిగిలింది. అయిదుగురు ఆరేసి గంటలు నిలబడ్డారు, ముప్పై గంటలు. గంటకి పదమూడు రూపాయలు. పిల్లలు డీలా పడిపోయారు. నేను వాళ్లని ఓదార్చలేదు, అది నిజమైన లెక్క కాబట్టి. కాసేపటికి ఒక పిల్ల అంది: “మా అమ్మ కూడా ఇడ్లీలకి తన కూలి వేసుకోదు మాస్టారూ.” మర్నాడు ఆ పిల్ల తల్లి ఇడ్లీ లెక్కంతా రాసుకొచ్చింది. బియ్యం, మినపప్పు, గ్యాసు, పల్లీలు, చివరి వరసలో ‘అమ్మ: నాలుగు గంటలు’. ఆ కాగితం నా దగ్గరే దాచుకున్నాను.

పెద్ద పెట్టుబడి గురించి చెప్పాలంటే ఊళ్లో రైలు పట్టాలు చూపించండి. నౌపడా నుంచి మన ఊరికి చిన్న రైలు 1900లో వచ్చింది, రాజావారు వేయించినది. మొదటి పదేళ్లు నష్టమే. 1910 తర్వాత కాస్త లాభం, 1924, 25 తర్వాత బాగా. ఆ ధైర్యంతోనే 1931కల్లా గుణుపురం దాకా పొడిగించారు. 2011కల్లా బ్రాడ్‌గేజ్ అయింది. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఎంత కాలం పట్టొచ్చో, అప్పటిదాకా ఎవరు భరించాలో ఆ పట్టాల మీద నిలబెట్టి చెప్పొచ్చు. ఆర్నెల్లలో రెట్టింపు చేస్తామని వచ్చేవాళ్ల మాట ఆ తర్వాత వినమనండి, పిల్లలే ఎదురు ప్రశ్నలు వేస్తారు.

పొదుపు గురించి ఎక్కువ చెప్పను. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా నడుపుకునే ఖాతా బ్యాంకులు ఇవ్వొచ్చు. పోస్టాఫీసు ఆర్‌డీలో (రికరింగ్ డిపాజిట్‌లో) నెలకి వంద వేస్తే, 6.7 శాతం రేటు మీద అయిదేళ్లకి వేసిన ఆరు వేలు 7,136 అవుతాయి. బ్యాంకు మునిగినా ఒక్కొక్కరికి అయిదు లక్షల దాకా బీమా ఉంది. ఇది చాలు మొదటికి.

ఫోను గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. డబ్బు రావడానికి పిన్ను నొక్కక్కర్లేదు, పోవడానికే నొక్కాలి. ఈ ఒక్క మాట ఇంట్లో ప్రతి ముసలమ్మకీ పిల్లల చేత చెప్పించండి. మోసం జరిగితే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930 హెల్ప్‌లైన్‌కి ఫోను చేయాలి. ఇంకొకటి, పని కోసం సూరత్ వెళ్లిన అన్నలున్న ఇళ్లు మనవి. “నీ ఖాతా వాడుకోనివ్వు, నెలకి రెండు వేలిస్తాం” అని కుర్రాళ్లని అడిగేవాళ్లున్నారు. ఆ ఖాతాలోంచి మోసపు డబ్బు పోతే పోలీసులు వచ్చేది ఖాతాదారుడి ఇంటికే. ఫోనులో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగు, అంటే షేర్ల ధర పెరుగుతుందో తగ్గుతుందో అని పందెం కాయడం, చేసి గొప్పవాళ్లయిపోదామనే కుర్రాళ్లకి షేర్ మార్కెట్‌ని కాపలా కాసే సెబీ లెక్క చూపించండి. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో అలా ఆడిన వందమందిలో 93 మందికి నష్టమే. కుర్రాడి మీద కోప్పడకుండా ఆ అంకె చూపించి ఊరుకుంటే చాలు, రాత్రికి వాడే ఆలోచిస్తాడు.

తల్లులకి ఒక్క మాట. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర డబ్బు అయిదు వేలు ఖాతాలో పడిన రోజు హైస్కూలు పిల్లని పక్కన కూర్చోబెట్టుకోండి. ఏడాదికి రెండు విడతలు, మొత్తం పది వేలు. అది దేనికి పోతోందో ఆ పిల్ల చేత రాయించండి. ఇంటి అప్పు పిల్లలకి తెలిస్తే టెన్షన్ పడతారని మీరు దాస్తారు. వాళ్లకి తెలియదనుకోకండి, గోడకి ఇవతల పడుకుని అంతా వింటూనే ఉంటారు. అంకె తెలియక ఎక్కువ భయపడతారు.

ఇంక ఆపుతాను. ఆ కార్డు కాపీలు నలభై తీయించి తెచ్చాను. ఆ తల్లిని అడిగే తెచ్చాను, పేరూ సంతకాలూ కొట్టేశాను. బల్ల మీద ఉన్నాయి, ఒక్కొక్కటి తీసుకోండి. పెన్ను లేనివాళ్లు పక్కవాళ్లని అడగండి. మాస్టార్లూ, టీచరమ్మలూ, మీరూ ఒకటి తీసుకోండి. అమ్మా, వెనక వరసలో ఉన్నవాళ్లు కొంచెం ముందుకి రండి, బోర్డు కనబడాలి. మొదటి ప్రశ్న. యాభయ్యో రోజు సాయంత్రం కార్డు మీద సగం గళ్లు నిండాయి. ఇప్పటికి ఆమె ఎంత కట్టింది, ఇంకా ఎంత అసలు ఆమె చేతిలో ఉంది?